లినక్సు ధ్వనియంత్రములు – పరాయి భాండారములు

1993వ సంవత్సరమున ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అను లినక్సు వ్యవస్థయందు, పాటలు పట్టు సాధనములు ఉచితముగా లభించును. దాని భాండారమందలి ప్యాకేజీలు ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్పబడినవి. క్రొత్త వాద్యమునకై కొందఱు పరాయి భాండారపు చిరునామానుగూడ చేర్చుదురు. చిక్కంతయు నచ్చటనే పుట్టును.

ఒకే పేరుగల ప్యాకేజీ రెండుచోట్ల నున్నయెడల, ‘ఆప్ట్’ అను పనిముట్టు సామాన్యముగా హెచ్చుసంఖ్యగల కూర్పునే గైకొనును. పంపినవా రెవరో విచారింపదు. మనము కోరినది వాద్యమొక్కటియే; దానితోడ, శబ్దమును సాధనమునుండి సాధనమునకు చేరవేయు ‘జాక్’ సయితము మారిపోవచ్చును. అంతట పాతదానిని నమ్ముకొన్న సాధనములు మూగవోవును.

నాకిట్లే జరిగినది. వృద్ధ భాగవతులొకరి పాట పట్టదలచిన యుదయముననే యీ తొందరపాటు చేసితిని. ఆయన శ్రుతి సరిచేసికొని కూర్చుండిరి, యంత్రము పలుకలేదు. చిరునామాను తుడిచివేసితిని. అయినను పాతకూర్పు రాలేదు, ఏలయన ఆప్ట్ తనంత తాను వెనుకకు దిగదు. ఒక్కొక్కదానిని పేరుపెట్టి దింపవలెను. ఆ వృద్ధులు అంతసేపు కూర్చుండగలరా?

మఱియొకటి: ప్యాకేజీని స్థాపించునపుడు అందలి యాజ్ఞలు యంత్రముపై సర్వాధికారముతో నడచును. కావున పంపినవారి నెఱుగనిది విప్పరాదు.

‘ఆప్ట్ పాలసీ’ యని యడిగినచో ఏ కూర్పు ఎచ్చటినుండి రానున్నదో ముందే తెలియును. ‘పిన్నింగు’చే పరాయి భాండారమునకు తక్కువ ప్రాధాన్య మిచ్చినయెడల, రెండుచోట్లను గలవానిని ఆప్ట్ డెబియన్‌నుండియే తెచ్చును, వాద్యము పొసగనిచో స్థాపింపక ముందే నిరాకరించును.