టెలిస్కోపును ధ్రువానికి సరిచూసుకోవడం

ఒక బడి డాబా మీద నలభై మంది పిల్లలు వరుసలో నిలబడ్డారు. ఎవరో దాత ఇచ్చిన టెలిస్కోపులో శని గ్రహం చూడాలని. మొదటి పాప చూసి కేక వేసింది. రెండో అబ్బాయికి శని అంచున కనబడింది. మూడో పిల్లకు ఉత్త చీకటి. మాస్టారు రెండు మరలూ తిప్పి మళ్లీ వెతికేసరికి పది నిమిషాలు. నెల తిరక్కుండానే ఆ పరికరం బీరువా ఎక్కింది. నిజానికి దానిలో లోపమేమీ లేదు. దాన్ని నిలబెట్టిన తీరే తప్పు.

భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు కనిపిస్తుంది. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు. 150 రెట్లు పెద్దది చేసి చూస్తే శని ఒకటిన్నర నిమిషంలోపే చూపు దాటిపోతుంది. అందుకే ఈక్వటోరియల్ మౌంటు అనే స్టాండులో ఒక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే ఉత్తర ధ్రువం వైపు గురిపెడతారు. గురి కుదిరితే ఒక్క మర మెల్లగా తిప్పుతూ ఉంటే చాలు, లేదా చిన్న మోటారు ఆ పని చేస్తుంది.

ఆ ఇరుసు ఎంత ఎత్తున ఉండాలి? మన ఊరి అక్షాంశం ఎంతో అంత. హైదరాబాదుకు సుమారు 17.4 డిగ్రీలు, విజయవాడకు 16.5, తిరుపతికి 13.6. ఉర్దూలో దిక్సూచిని కుతుబ్‌నుమా, అంటే ధ్రువాన్ని చూపేది అంటారు. ఉత్తరం ఎటో మొదట దాంతోనే తెలుసుకోవచ్చు. ఇనుప స్టాండుకు దూరంగా పెట్టి చూడాలి, లేకుంటే ముల్లు పక్కకు లాగుతుంది.

మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. ఐరోపాలో ధ్రువ నక్షత్రం బాగా ఎత్తున ఉంటుంది, ఆ స్టాండ్లు చాలావరకు అలాంటి చోట్లకు తయారైనవి. ఇక్కడ ఇరుసును 17 డిగ్రీలకు దించితే బరువు కడ్డీ ఉత్తరం వైపు కాలికి తగులుతుంది. కొన్ని స్టాండ్లలో ఒక కాలు దక్షిణానికి వచ్చేలా తల భాగాన్ని తిప్పి బిగించుకోవచ్చు. కొనేముందే ఇది అడగండి.

ధ్రువ నక్షత్రం అంత మెరిసేది కాదు. మన దగ్గర చాచిన చేతి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో, దుమ్ము పొరలో ఉంటుంది. సప్తర్షి మండలం ముందు రెండు చుక్కలను కలిపిన గీత దాని వైపు చూపుతుంది. అది కూడా అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన ఉంటుంది. ఇరుసులోని చిన్న దుర్బిణిలో గీసిన వలయం మీద అది ఏ చోట ఉండాలో ఫోన్లోని యాప్ చెబుతుంది. అక్కడికి తేవడానికి టెలిస్కోపును తిప్పకూడదు. స్టాండు అడుగున ఎత్తుకూ పక్కకూ ఉన్న బోల్టులనే తిప్పాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఉత్తరాన మేడ అడ్డమైతే? మోటారు నడుస్తుండగా దక్షిణ దిక్కున నడినెత్తి గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు చేరువలోని నక్షత్రాన్ని గమనించండి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున కింద ఉన్న నక్షత్రం చూడండి. దక్షిణానికి జారితే ఇరుసు మరీ కిందికి ఉంది, ఉత్తరానికి జారితే మరీ పైకి.

గ్రహాలు చూడటానికి డిగ్రీ అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఫొటోలకు నడవదు. హైదరాబాదు నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పటంలో తన వంతుగా దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో పలకల మీద ఎక్కించింది. గురి తప్పితే ఆ పలకల మీద చుక్కలన్నీ గీతలయ్యేవి.

బడికి టెలిస్కోపు ఇచ్చేవారు దానితోపాటు ఒక సాయంత్రం కూడా ఇవ్వగలిగితే మేలు. ఒకసారి గురి కుదిరాక డాబా నేల మీద మూడు కాళ్ల చోటా రంగుతో గుర్తులు పెట్టండి. మరోసారి మాస్టారు ఆ గుర్తుల మీదే కాళ్లు ఆనిస్తారు, పావుగంటలో వరుస మొదలవుతుంది.