దూరభారమునకు తగిన ఎద్దు



మా రాప్తాడు ప్రాంతమున ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి మెట్టసీమలో ఎండుచొప్ప మేసి, ఎండకు తాళి, నిలువక నడచు ఎద్దే రైతునకు ఆస్తి. అట్టి ఎద్దును ఏ వంశమునుండి ఎన్నుకొనవలెనో నేడు మనవి చేయుదును.

చిన్నతనమున నేను మా నాయనతో ఘాటి సుబ్రహ్మణ్య పరసకు పోయితిని. అచ్చట ఎత్తుగా నిగనిగలాడు కోడెనొకదానిని చూచి, అదియే కావలెనని పట్టుబట్టితిని. నాయన నా మాట కాదనలేక కొనెను. తిరుగుత్రోవలో పది మైళ్లు నడువకమునుపే అది నురుగులు గ్రక్కి కూలబడెను. నాయన కోపపడలేదు. "కోడెను చూచితిమి గాని, దాని తల్లిని గూర్చి అడుగమైతిమిరా" అని మాత్రము అనెను.

ఆ మాటలోని సత్యము ఎడారి అరబ్బులకును తెలిసినదే. దూరపుస్వారీకి పేరుపొందిన తమ గుఱ్ఱముల వంశమును వారు ఆడుగుఱ్ఱమునుబట్టి లెక్కింతురు. బిడ్డకు తల్లిదండ్రుల గుణములు సగము సగము వచ్చును. కాని కండరములలో శక్తిని పుట్టించు సూక్ష్మభాగముల బీజము తల్లినుండియే వచ్చునని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

మనకు దగ్గరి ఉత్తమవంశము మైసూరు సీమ హళ్లికారు. ప్రసిద్ధికెక్కిన అమృతమహల్ మందలలో దాని రక్తము కలదు. ఆ యెద్దులు ఫిరంగులు లాగుచుండగా హైదరాలీ సైన్యము రెండున్నర దినములలో 100 మైళ్లు నడచెనని చెప్పుదురు. అట్టి మందలను 1860లో ఖర్చు తగ్గించుటకై అమ్మివేసిరి. పిదప సైన్యమునకు తగిన ఎద్దులు దొరకక, చెదరిన ఆవులను మరల వెదకి కూర్చవలసి వచ్చెను. తల్లివరుస తెగినచో ధనముతో వెంటనే కొనితెచ్చుకొనలేము.

కావున కోడెను కొనువారు మొదట దాని తల్లిని చూడవలెను. అది కరవుయేట చూలు నిలుపుకొన్నదా? దాని ముందరి దూడలు కాడికి ఎట్లు నడచినవి? పిదప గిట్టలు నల్లగా, గట్టిగా, ఎడములేక ఉన్నవో లేవో చూడుడు. తుదకు భారపుబండికి కట్టి రెండు మైళ్లు నడిపించి నిలుపుడు. డొక్కల ఎగిసిపాటు త్వరగా అణగినచో ఊపిరి గలదని తెలియును. గుఱ్ఱపు దూరపందెములలోను ఇదే పరీక్ష: మజిలీలో విశ్రమించినపిదప గుండె నిమిషమునకు 64 కొట్టుకొనుటకు దిగనిదే ముందునకు పోనీయరు. పోటీకి గుఱ్ఱపు అందము లెక్క కాదు.

నేడు మన పొలములలో ట్రాక్టరు దున్నుచున్నది, కాడియెద్దులు అరుదైనవి. పాలకొఱకు కొన్ని ఆవులను జెర్సీతో సంకరము చేయుట తప్పుకాదు. కాని మంచి నడకగల సంతతినిచ్చిన ఆవు ఊరిలో ఒక్కటి మిగిలినను, ఎదకు వచ్చినపుడు దానిని ఆ జాతి కోడెతోనే దాటింపుడు; ఆ కోడె దానికి పుట్టినది కారాదు. దాని పెయ్యను కసాయికి అమ్మకుడు. ఆ పెయ్య పోయినచో, రేపు మన మనుమడు ఏ పరసకు పోయినను, "దీని తల్లి యేది?" అని అడుగుటకు వంశమే మిగులదు.