ఆయాసం రాకముందే

జ్వరం, పొడి దగ్గు, గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, నీరసం. ఈ కోవిడ్ లక్షణాలన్నీ ఫ్లూలోనూ కనిపించేవే. ముక్కు దిబ్బడ లేకుండానే వాసన పోవడం మొదట్లో మంచి గుర్తుగా ఉండేది. ఒమిక్రాన్ రకం వచ్చాక అదీ తగ్గింది. అందుకే పరీక్ష చేయించకుండా ఇది కోవిడేనని తేల్చలేం. అయితే ప్రాణం మీదికి తెచ్చే లక్షణం వేరే ఉంది. దాని గురించి రోగికే తెలియకపోవచ్చు.

2021 ఏప్రిల్, మే నెలల్లో మన దేశంలో డెల్టా రకం విజృంభించినప్పుడు, రక్తంలో ఆక్సిజన్ శాతం 80ల్లోకి పడిపోయినా మామూలుగా మాట్లాడుతున్న రోగులను డాక్టర్లు చూశారు. ఇదెలా సాధ్యం? ఊపిరాడని బాధ మనకు ముఖ్యంగా కలిగేది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. కోవిడ్ న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలిగదులు కొన్ని పాడైనా, మిగిలినవి కాస్త వేగంగా పనిచేసి ఆ వాయువును బయటికి పంపేస్తాయి. ఆక్సిజన్ లోటును మాత్రం అవి పూడ్చలేవు. వాటి నుంచి వెళ్ళే రక్తం అప్పటికే దాదాపు మోయగలిగినంత ఆక్సిజన్ మోస్తోంది మరి. అలా ఆక్సిజన్ పడిపోతున్నా ఆయాసం మాత్రం ఆలస్యంగా వస్తుంది.

లోపల జరిగే దీన్ని వేలి కొసన చూపేది పల్స్ ఆక్సీమీటర్. జపాన్ ఇంజనీర్ టకువో అయోయాగి 1970ల్లో దీనికి దారి వేశారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఎర్రకాంతిని, పరారుణ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడానే అది అంకెగా చూపుతుంది. వేలు చల్లగా ఉన్నా, గోళ్ళరంగు, ముదురు గోరింటాకు ఉన్నా అంకె తప్పొచ్చు. చర్మం నల్లగా ఉన్నవారిలో అసలుకన్నా ఎక్కువ చూపే అవకాశం ఉంది కాబట్టి, 95 కనిపించిందని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి.

జబ్బు మొదలైన 5వ రోజు నుంచి 10వ రోజు వరకు మరీ జాగ్రత్త. జ్వరం తగ్గిందనుకునే సమయమూ ఇదే. రోజుకు మూడు నాలుగుసార్లు కూర్చుని చూడండి. అంకె బాగుండి ఆయాసం లేకపోతే, పక్కన ఒకరిని ఉంచుకుని గదిలోనే 6 నిమిషాలు నడిచి మళ్ళీ చూడండి. 93 కన్నా తగ్గినా, మొదటి అంకెకన్నా 3కు మించి పడినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కూర్చున్నప్పుడే 90 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే నేరుగా ఆసుపత్రికే.

పెద్దవాళ్ళ విషయంలో మనమే కనిపెట్టి ఉండాలి. వాళ్ళకు జ్వరం కూడా రాకపోవచ్చు. అన్నం వద్దంటూ మగతగా పడుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా వయసు మీదపడిందిలే అనుకోకుండా ముందు వాళ్ళ వేలికి ఆక్సీమీటర్ పెట్టండి.