ఇత్తడి చేపకు మెరుగు.. చేతికి చిక్కితేనే విద్య!

బరంపురం: తోక పట్టి ఊపితే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. అలాగని నీళ్లలో చేప కాదు, ఇత్తడి చేప. గంజాం జిల్లాలో భంజనగర్ చేరువలోని బెలగుంఠ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఇదే. అక్కడి లోహకారులు ఇళ్ల దగ్గరే ఇత్తడి రేకు, తీగలతో చేపలు, పాములు చేస్తారు. కళ్ల స్థానంలో ఎర్రటి గాజురాళ్లు పొదుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం, బరంపురం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే కాబట్టి ఇటువైపు వాళ్లకు ఇది పరాయి సరుకేం కాదు.

చేప చేయడం ఒక ఎత్తు, దానికి మెరుగు పెట్టడం మరో ఎత్తు. సారవకోట మండలం బుడితిలో తయారయ్యే పాత్రలకైతే నున్నటి ఒళ్లుంటుంది, గట్టిగా తోమినా తట్టుకుంటాయి. చేప అలా కాదు. ఒళ్లంతా పొలుసుల వరసలు, ఒకదానిలో ఒకటి ఇమిడి కదులుతుంటాయి. మెరుగు ముద్ద ఆ సందుల్లో ఇరుక్కుని ఎండిందా, చేప బిగుసుకుపోద్ది. మెలిక తిరగని చేపను కొనేదెవరు?

అందుకే కొత్తవాళ్లు విడి రేకుల మీద చేయి కుదుర్చుకోవడం మేలు. ముందు ఆకురాయితో అంచుల కరుకు తీయాలి. ఆపైన గరుకు కాగితం ముతకది, తర్వాత సన్ననిది, ఒకే దిక్కుగా లాగాలి. ముతక గీతలు పూర్తిగా పోకుండానే సన్న కాగితం అందుకుంటే మెరుపు వచ్చాక ఆ గీతలే వెక్కిరిస్తాయి. తొందరపడే కుర్రాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

కరెంటు బఫ్‌తో పని నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ తిరిగే చక్రం వేలాడే తోకను లాగేసుకుంటే చేప వంకరపోతుంది, వేళ్లకూ ప్రమాదమే. రేకు మీద చెక్కిన గీతలు, తీగ కలిసే చోట్లు అరిగిపోతాయి. లోహపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటి పని అంటే ఆ గదిలోనే పిల్లలూ తిరుగుతుంటారు మరి. ముఖానికి మాస్కు, తెరిచిన కిటికీ తప్పనిసరి.

బజారులో మాత్రం బంగారంలా ధగధగలాడితేనే బేరం. చేత్తో పెట్టిన మెరుగు కాస్త మెత్తగా ఉంటుంది, దానికి పట్టిన గంటలు ధరలో కనిపించవు. ఇంత ఓపిక పెట్టి నేర్చిన కుర్రాడికి ఆ గంటల కూలి గిట్టకపోతే వేరే పని చూసుకోక ఏం చేస్తాడు?

ఇంట్లో పాత చేప ఉన్నవాళ్లు కూడా చెంబు తోమినట్టు తోమకూడదు. చింతపండు పులుసు పలచగా చేసి మెత్తటి బ్రష్‌తో రాస్తే పులుపుకి చిలుము వదులుతుంది. వెంటనే నీళ్లు మార్చి మార్చి కడగాలి. పులుపు సందుల్లో మిగిలితే మళ్లీ పచ్చబడుతుంది. గుడ్డతో అద్ది, మెలికలు తిప్పుతూ ఎండలో ఆరబెట్టాలి. కంటి రాళ్ల దగ్గర బ్రష్ వద్దు.