గుండె గోడ మందమైతే?

చార్మినార్ ఇరుకు మెట్లెక్కి పైకి చేరగానే ఛాతీమీద చెయ్యి పెట్టి చూశారా? గుండె దడదడ కొట్టుకుంటుంది. కాసేపు నిలబడి మక్కా మసీదును, లాడ్ బజారును చూసేలోగా మళ్ళీ నెమ్మదిస్తుంది.

పాతబస్తీలోని మా పాఠశాల పిల్లలతో అక్కడికి వెళ్ళినప్పుడు ఒక అబ్బాయి కిందనే ఉండిపోయాడు. కారణమడిగితే, "మా నాన్నకు గుండె కండరం మందమైందట సార్. నాకూ వస్తుందా? వస్తే ఎక్కువకాలం బతకరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

శరీరానికంతా రక్తాన్ని పంపేది గుండెలోని ఎడమ జఠరిక. పెద్దవారిలో దాని గోడ మందం మామూలుగా 12 మిల్లీమీటర్లకు మించదు. అధిక రక్తపోటువంటి కారణమేదీ లేకుండానే అది 15 మిల్లీమీటర్లో, అంతకు మించో ఉంటే దాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు.

పహిల్వానుకు కండ పెరిగితే బలమే కదా, గుండెకు పెరిగితే నష్టమేమిటి? ఈ జబ్బులో కండరపు పోగులు వరుస తప్పి అల్లుకుపోతాయి. గోడ బిరుసెక్కి జఠరిక సరిగా సాగదు, రక్తం సరిగా నిండదు. కొందరిలో ఆ గోడ బృహద్ధమనికి పోయే రక్తానికి అడ్డు తగులుతుంది. అందువల్ల ఆయాసం, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం కలుగుతాయి. గుండె లయ బాగా గాడి తప్పితే, అరుదుగా హఠాన్మరణం కూడా సంభవించవచ్చు.

1958లో లండన్ వైద్యుడు డొనాల్డ్ టియర్ హఠాత్తుగా మరణించిన యువతీయువకుల గుండెలను పరీక్షించి ఈ జబ్బును వివరించాడు. మరణాల ద్వారా వెలుగులోకి వచ్చింది కనుక దీని పేరు వింటేనే భయపడేవారు. తొలినాళ్ళలో పెద్ద ఆసుపత్రులు ఏటా నూటికి 4 నుంచి 6 మంది మరణిస్తున్నారని లెక్కకట్టాయి. అయితే జబ్బు ముదిరినవారే అక్కడికి చేరేవారు. వెనక బెంచీ పొడగరులను మాత్రమే కొలిచి, అదే తరగతి సగటు ఎత్తు అంటే ఒప్పుకుంటామా?

అతిధ్వనులతో గుండెను చూపే ఎకో పరీక్ష వచ్చాక అసలు సంగతి తెలిసింది. సుమారు 500 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. వారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. నేడు మంచి వైద్యం అందేవారిలో దీనివల్ల మరణించేవారు ఏటా నూటికి ఒకరు, లేదా అంతకంటే తక్కువ. ఎక్కువమంది అందరిలాగే వార్ధక్యం వరకు జీవిస్తారు.

అలాగని అశ్రద్ధ పనికిరాదు. వయసుతోపాటు కొందరికి కర్ణికల లయ తప్పి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం రావచ్చు. దానికి మందులున్నాయి. అడ్డు తగిలే కండరాన్ని శస్త్రచికిత్సతో తొలగిస్తారు. హఠాన్మరణం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి, ప్రమాదవేళ విద్యుత్ తాకిడితో లయను సరిచేసే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమరుస్తారు. అలాంటి యంత్రాన్ని మొదటిసారి 1980లో అమెరికాలో మనిషికి అమర్చారు.

ఇక, "నాకూ వస్తుందా?" అన్న ప్రశ్న. ఈ జబ్బుకు తరచు జన్యులోపమే కారణం. తల్లిదండ్రుల్లో ఒకరికి అది ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్, ఆయన సహచరులు 2009లో ఒక ముఖ్య విషయం ప్రకటించారు. గుండె కండరపు ప్రోటీను ఒకదానికి సంబంధించిన జన్యువులో 25 అక్షరాలు లోపించడం భారతీయుల్లో నూటికి సుమారు నలుగురిలో కనిపించింది. వీరికి గుండె కండరపు జబ్బుల ముప్పు ఎక్కువ. అయినా చాలామందికి నడివయసుదాకా ఏమీ తెలియదు. జన్యులోపం వేరు, జబ్బు వేరు అన్నమాట!

మా విద్యార్థికి ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేశారు. గోడ మందం మామూలుగానే ఉంది. ఎదిగే వయసు కనుక ఒకటి రెండేళ్ళకోసారి మళ్ళీ చూపించుకోమన్నారు. మొన్న వాడు మాతో మెట్లెక్కాడు.

మీలో ఎవరైనా పరుగెత్తుతూ స్పృహ తప్పినా, మీ ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా మరణించి ఉన్నా, దాచకుండా వైద్యునికి చెప్పండి. ఈ జబ్బు విషయంలో భయంకన్నా పరీక్ష మేలు.