వంటయింటి లెక్కయు, మందుల చీటియు

తుర్కయాంజాల్ ప్రాంతపు సేద్యగాండ్రు నారు పోయుటకు ముందే యెరువుల లెక్క చూచుకొందురు. ఎకరమునకు ఎన్ని బస్తాలు కావలెనో, సంఘపు గోదాములో ఎన్ని యున్నవో విచారించి, చాలవని తోచినచో ముందుగానే అడుగుదురు. ఇంతటి జాగరూకత గల గృహస్థులే, రక్తపుపోటు మాత్రల విషయమున డబ్బా ఖాళీయైన పిమ్మట గాని కదలరు. నాట్ల దినములలోనైనచో పది దినములు గడచినను కదలరు. ఈ మాసమున మేమీ విషయమును ప్రస్తావించుటకు కారణ మిదియే.

రక్తపుపోటు నొప్పి పుట్టించు రోగము కాదు. మాత్ర మానిన నాడు మనుష్యునకు ఏమియు తెలియదు. పైగా బాగుగనే యున్నానని తోచును. పోటు మాత్రము లోలోపల పెరుగుచుండును. పక్షవాతముచే చేయి పడిపోయిన పిమ్మట ఎన్ని మాత్రలు తెచ్చినను ఆ చేయి నాగలి పట్టునన్న నమ్మకము లేదు.

పది మాత్రల అట్టలు మూడు తెచ్చినచో నెల గడచునని పలువురు తలంతురు. దినమునకు రెండు మాత్రలు వేసికొనువారికి అవి పదునైదు దినములకే సరి. కావున తెచ్చిన నాడే లెక్కించి, అవి తీరు తేదీకి ఏడు దినములు ముందుగా, పాల లెక్క వ్రాసికొను క్యాలెండరు మీదనే గురుతు పెట్టవలెను. ఆ గురుతు నాడే బయలుదేరవలెను.

చీటి విషయమున ఒక నియమము కలదు. డాక్టరు చీటిపై మాత్రమే అమ్మవలసిన మందులను, మరల ఇయ్యవచ్చునని దానిపై వ్రాసియున్ననే తప్ప, ఒక పర్యాయమునకు మించి ఇయ్యరాదని 1945 నాటి ఔషధ నియమావళి చెప్పుచున్నది. కనుక చీటి వ్రాయునపుడే, నెలకొకసారి చొప్పున ఎన్ని నెలలు ఇయ్యవచ్చునో వ్రాయుమని డాక్టరుగారిని అడుగుడు. ఖాళీ అట్ట చూపి మందు తెచ్చుట మంచి పద్ధతి కాదు. డాక్టరు మోతాదు మార్చియుండవచ్చును, అట్ట పాతదై యుండవచ్చును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ రోగములకు మాత్రలు ఉచితముగా నిత్తురు. జన ఔషధి దుకాణములలో ధర చాల తక్కువ. మందు పేరును, మిల్లీగ్రాములును చీటితో సరిపోల్చి తీసికొనవలెను. దేశమందు రెండువేల ప్రాథమిక సహకార సంఘములు అట్టి దుకాణములు తెరచుటకు 2023 జూనులో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చినది. ఎరువులమ్ము సంఘము మందులేల అమ్మరాదని మా యభిప్రాయము.

ఇక పొయ్యి దగ్గరకు వత్తము. మనిషికి దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో వెలువరించిన సూచనలలో చెప్పినది. ఇంట నలుగురున్నచో కిలో ఉప్పు ఏబది దినములు రావలెను. ముప్పది దినములకే తీరుచున్నచో లెక్క తప్పినదన్నమాట. తొక్కులు, ఆవకాయ, అప్పడములలోని యుప్పును ఈ లెక్కలోనిదే. జొన్నరొట్టె పిండిలో ఉప్పు వేయకున్న లోటు లేదు. పచ్చిపులుసులో నిమ్మరసము, పుంటికూరలోని పులుపు కొంత యుప్పును మరపించును. అయితే బజారులో దొరకు తక్కువ సోడియము ఉప్పులో పొటాషియము ఉండును. మూత్రపిండముల రోగులును, కొన్ని రక్తపుపోటు మాత్రలు వాడువారును డాక్టరు నడుగక దానిని వాడరాదు.

జొన్నరొట్టె తినుచున్నాము గదా యని మధుమేహపు మాత్రలు మానువారు కలరు. ఇది తగదు. రొట్టె మాత్రకు తోడగును గాని బదులు కాదు. నాలుగు రొట్టెలు తినినచో తోడు కూడ కాదు.

మాత్ర వేసికొని భోజనము మానుట మరియొక యపాయము. ఒక్కపొద్దు నాడైనను, రోజా నాడైనను, కోతలలో అన్నము ఆలస్యమైన నాడైనను, కొన్ని మధుమేహపు మాత్రలును ఇన్సులినును చక్కెరను మితిమీరి దించును. చెమట పోసి చేతులు వణకుచున్నచో, మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, తరువాత అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఉపవాసముండదలచినవారు ముందుగా డాక్టరుతో మాటాడుట మేలు. థైరాయిడు మాత్రను పరగడుపున వేసికొని, అరగంట గడచువరకు చాయ త్రాగరాదు.

ఇన్సులిను ఇంట నుంచుకొనువారు దానిని పొయ్యి గూటిలో పెట్టరాదు. తెరవని సీసాను ఫ్రిజ్జిలో, మంచు గడ్డకట్టు అరకు దూరముగా నుంచవలెను. ఫ్రిజ్జి లేనివారు పెద్ద కుండలో తడియిసుక పోసి, అందు చిన్న కుండ నమర్చి, సీసాను దానిలో పెట్టి మూయవచ్చును. ఇసుక ఆరకుండ చూడవలెను. ఒకసారి గడ్డకట్టిన యిన్సులిను కరిగినను పనికిరాదు.