‘లక్ష్మి’ ఎక్కడ విరుగుతోంది?

శుభలేఖైనా, దుకాణం ఫ్లెక్సీ అయినా ఉప్పల్‌లో ఇంటి కంప్యూటర్ మీదే డిజైన్ చేసుకుని నాచారంలో ప్రింటింగ్‌కు ఇచ్చేయవచ్చు. చిక్కల్లా తెలుగుతోనే. పాత ఫోటోషాప్‌లో ‘లక్ష్మి’ అని పేస్ట్ చేస్తే ‘లక్‌ష్‌మి’ అని పడుతుంది. వైరస్ అంటారు, ర్యామ్ చాలట్లేదంటారు, ఆఖరికి విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. అయినా లక్ష్మి అతుక్కోదు. తెలుగు ముఖ్యంగా మూడు చోట్ల చెడుతుంది: ఫైల్లో దాగిన కోడ్, ఆ కోడ్‌ను అక్షరంగా కట్టే షేపింగ్ ఇంజిన్, రూపాన్నిచ్చే ఫాంటు. ఏ చోట చెడిందో తేల్చకుండా మరమ్మతుకు దిగితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఈ మూడింటిలో అసలు పనిమంతురాలు ఇంజిన్. ‘లక్ష్మి’ కంప్యూటర్‌కు ఏడు కోడ్లు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. వాటిలో క్ష లేదు, మవత్తూ లేదు. ఉండనక్కర్లేదు కూడా, ఎందుకంటే వాటిని పుట్టించే బాధ్యత ఇంజిన్‌ది. ముందు అది అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపడుతుంది. క, పొల్లు, ష వరసగా కనిపించగానే ఫాంటులోని ఓపెన్‌టైప్ పట్టికలు వెతికి క్ష రూపం తెస్తుంది. ఆ తర్వాతి పొల్లునూ మ-నూ కలిపి మవత్తుగా మార్చి కిందికి దించుతుంది. ఇక గుడి. టైపు చేసిన వరసలో అది మ తర్వాత వచ్చింది, కానీ కూర్చోవలసింది క్ష మీద. ఇంజిన్ దాన్ని మవత్తు దాటించి క్ష నెత్తికెక్కిస్తుంది. మన చెయ్యి ఆలోచించకుండా చేసే పనికి ఇలా నియమాలు కట్టడం కంటే ముచ్చటైన యంత్రాంగం కంప్యూటర్లో మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ నియమాలు తెలియని ఇంజిన్ పొల్లును పొల్లుగానే వదిలేస్తుంది. మన లక్ష్మి విరిగేది అక్కడే.

పేజ్‌మేకర్ రోజుల్లో మన డీటీపీ వాళ్లకు ఈ ఇంజిన్ అందుబాటులో లేదు. అప్పుడు ‘అను’ అనే ఫాంట్లు తలకట్టు, గుడి, వత్తులను ముక్కలుగా చేసి, ఇంగ్లిషు అక్షరాల గదుల్లో సర్ది పని నడిపించాయి. ఉన్న వసతితో సాధించిన ఘనకార్యమది. కానీ ఫైల్లో మిగిలేది ఇంగ్లిషు గుర్తులే; ఫాంటు మారితే తెలుగు మాయం. కాబట్టి మొదటి పరీక్ష నోట్‌ప్యాడ్. పాఠ్యాన్ని అందులో పేస్ట్ చేయండి. పిచ్చి ఇంగ్లిషు వస్తే అది అను పాఠ్యం. ఆ ఫాంటైనా కావాలి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరైనా కావాలి. తెలుగు శుభ్రంగా వచ్చి, డిజైన్‌లో మాత్రం డబ్బాలు కనిపిస్తే ఎంచుకున్న ఫాంటులో యూనికోడ్ తెలుగు లేదు. పొల్లులు విడివిడిగా నిలబడితే తప్పు ఇంజిన్‌ది: పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’, ఇన్‌డిజైన్ అయితే ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకోవాలి.

ప్రెస్సులో అను నడుస్తుండగా యూనికోడ్ ఎందుకని అడగవచ్చు. కాగితం మీద అచ్చు పడితే చాలనుకుంటే ఆ మాట సబబే. కానీ అదే పాఠ్యాన్ని రేపు ఫోన్‌లో పంపాలన్నా, అందులో ఒక పేరు వెతకాలన్నా కుదరదు. యూనికోడూ చెడుతుంది కదా, 2018లో ‘జ్ఞా’ ఒక ప్రత్యేక కోడ్ వరసలో వచ్చినప్పుడు ఐఫోన్ యాప్‌లు కూలిపోలేదా అనేది మరో ఆక్షేపణ. నిజమే, కూలిపోయాయి. కానీ యాపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసినప్పుడు ఎవరూ తమ తెలుగును తిరిగి టైపు చేయనక్కర్లేకపోయింది. చెడింది అక్షరాన్ని చూపించే యంత్రాంగం, పాఠ్యం కాదు. యూనికోడ్ బలం అదే.

యూనికోడ్ తెలుగు ఫాంట్లకూ కొదవ లేదు. 2001లోనే విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటు తెచ్చింది. ఇప్పుడు రామభద్ర, మండలి వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ప్రెస్సుకు పంపే కాపీలో మాత్రం అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చండి, లేదా ఫాంటును పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి. అసలు ఫైల్లో యూనికోడ్ పాఠ్యాన్ని అలాగే ఉంచితే, సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా మీ తెలుగు మీ చేతిలోనే ఉంటుంది.